కాక పేరు ఎక్కడానికి రెండు సీజన్లు పట్టింది

మా ఊరు నర్సంపేట వైపు. మిర్చి పండించే ఊరు. చిన్నప్పుడు నాన్నతో పాటు బస్తాల మీద కూర్చుని ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లేదాన్ని. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే యార్డంతా ఎర్రగా పరుచుకుని ఉండేది. పొద్దున జెండా పాట జరుగుతుంది, మేలైన కాయకు ఆ రోజు పలికిన ధర తేలుతుంది. ఆ తర్వాత తేమ, తాలు, రంగు చూసి ఒక్కో రైతు సరుకుకు ధర కడతారు. కాంటా అయ్యాక తక్‌పట్టీ, అంటే తూకం, ధర రాసిన చీటీ, చేతికొస్తుంది. అక్కడితో ఆ కాయకూ మాకూ సంబంధం తెగిపోతుంది. అది ఏ మిల్లుకు పోయింది, ఏ దేశానికి పోయింది, అక్కడ ఎంతకు అమ్ముడైంది, ఏదీ తెలియదు. కొన్నవాళ్లకు కూడా ఇది ఫలానా ఊరి కాయ అని తెలియదు.

డిగ్రీ అయ్యాక మా రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో చిన్న ఉద్యోగంలో చేరాను. 2023 వానాకాలంలో ఒక ఎగుమతిదారు మా దగ్గరికి వచ్చి, పురుగుమందుల అవశేషాలు తక్కువగా ఉన్న తేజ రకం కాయ కావాలని, ప్రతి బస్తా ఏ చేను నుంచి వచ్చిందో చూపగలిగితే మంచి ధర ఇస్తానని అన్నాడు. దానికోసం ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ బ్లాక్‌చైన్ యాప్ ఇచ్చింది. బ్లాక్‌చైన్ అంటే ఒకసారి రాసింది దిద్దడం కుదరని కంప్యూటర్ లెక్కల పుస్తకం. సుగంధ ద్రవ్యాల బోర్డు 2021లోనే మిర్చి, పసుపు రైతుల కోసం ఇలాంటి వ్యవస్థ తయారు చేయడానికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంతో ఒప్పందం చేసుకుంది కాబట్టి ఆ మాట మాకు పూర్తిగా కొత్త కాదు. కానీ చేతులు పెట్టి చేయడం ఇదే మొదలు. 38 మంది రైతుల వివరాలు ఎక్కించే పని నాకు అప్పగించారు.

మొదటి రోజే ఆగిపోయాను. యాప్ తెరవగానే పట్టాదారు పాస్‌బుక్ నంబర్ అడిగింది. మా జాబితాలో 11 మంది కౌలు రైతులు. మా చిన్నాన్న వాళ్లలో ఒకడు. మేము కాక అంటాం. మూడెకరాలు కౌలుకు పట్టి పదేళ్లుగా మిర్చి వేస్తున్నాడు. భూమి యజమాని హనుమకొండలో ఉంటాడు. యజమాని నంబర్ కొడితే యాప్ ముందుకు వెళ్తుంది, కానీ రైతు పేరు దగ్గర యజమాని పేరు వస్తుంది. సంస్థ మనిషికి ఫోన్ చేస్తే, "ప్రస్తుతానికి అలాగే ఎక్కించండి మేడమ్, తర్వాత చూద్దాం" అన్నాడు.

తర్వాత చూసేది ఏమీ ఉండదని అప్పటికే అర్థమైంది. బ్లాక్‌చైన్‌లో ఒకసారి ఎక్కింది చెరపడం కుదరదు. ప్రతి నమోదుకూ కంప్యూటర్ ఒక గుర్తు తయారు చేస్తుంది. అందులో ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. ఒక పేజీ గుర్తును తర్వాతి పేజీలో రాసిపెడుతుంది కాబట్టి వెనక ఎక్కడ దిద్దినా తర్వాతి పేజీలన్నీ పట్టిస్తాయి. ఈ పద్ధతి 2009లో బిట్‌కాయిన్‌తో వాడుకలోకి వచ్చింది. దిద్దడం కుదరని పుస్తకం దొంగ లెక్కల మీద గొప్ప ఆయుధం. కానీ అందులో మొదటి వరుసే అబద్ధమైతే ఆ అబద్ధం కూడా అంతే గట్టిగా నిలబడిపోతుంది. పదేళ్లు ఎండలో నడుం వంచిన మనిషి పేరు లేకుండా, చేను ముఖం చూడని మనిషి పేరు శాశ్వతంగా ఉంటుంది. నా చేత్తో ఆ పని చేయలేకపోయాను. పాస్‌బుక్ లేనివాళ్లను పక్కన పెట్టి, మిగతా వాళ్లతో ఆ సీజన్ మొదలుపెట్టాం. కాక ఏమీ అనలేదు. "మీది అయినంక మాది చూడుర్రి బిడ్డా" అని మాత్రం అన్నాడు.

ఆ సీజన్‌లో నేర్చుకున్నదంతా కల్లం దగ్గరే. మందుల వివరాలు రైతులు నెలకోసారి గుర్తున్నంతవరకు చెబుతుంటే నేను ఎక్కిస్తున్నాను. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది భయం ఇంకా పోలేదు, అందుకే అవసరం ఉన్నా లేకపోయినా కొట్టిన మందులు ఉన్నాయి. అవి చెబితే కాయ కొనరేమోనని కొందరు దాచారు. వాళ్లను తప్పుపట్టలేను. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మందు కొట్టిన రోజే ఖాళీ డబ్బా ఫోటో చేనులోనే నిలబడి తీసి పంపాలి. ఎక్కువసార్లు కొట్టినా సరే, దాచకపోతే చాలు. మందుకూ కోతకూ మధ్య ఆగాల్సిన రోజులు ఆగని కాయను విడిగా పోసి మామూలుగా మార్కెట్‌కు పంపిస్తాం. ఎవరినీ తిట్టం. ఈ మాట ఇచ్చాకే నిజమైన ఫోటోలు రావడం మొదలైంది.

తప్పు నేనూ చేశాను. ఒక రైతు లాట్‌లో 24 బస్తాలకు బదులు 42 అని కొట్టి సబ్మిట్ నొక్కాను. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెనక్కి తీయడానికి లేదు. కింద మరో వరుసలో "పై నమోదు తప్పు, సరైనవి 24 బస్తాలు" అని నా పేరుతో రాయాల్సి వచ్చింది. రెండు వరుసలూ ఇప్పటికీ అందరికీ కనబడతాయి. ఆ రోజు నుంచి తూకం చీటీ, ఫోన్ పక్కపక్కన పెట్టుకుని, రైతుతో పైకి చదివించి గానీ నొక్కను.

కోల్డ్ స్టోరేజీలో ఇంకో దెబ్బ తగిలింది. బస్తాలకు అతికించిన క్యూఆర్ కాగితాలు చల్లదనానికి ఊడిపోయాయి. తొమ్మిది బస్తాలు ఎవరివో తేలలేదు. అంచనాగా అతికిద్దామని ఒకరిద్దరు అన్నారు. మేం ఒప్పుకోలేదు. ఆ తొమ్మిదింటినీ జాబితా నుంచి తీసేసి విడిగా అమ్మాం, తగ్గిన డబ్బు కంపెనీ భరించింది. మరుసటి ఏడాది గుడ్డ ముక్క మీద అచ్చు వేయించి, మూతి కుట్టేటప్పుడే బస్తాతో కలిపి కుట్టించాం. హమాలీలే ఆ ఉపాయం చెప్పారు.

నేను ఆలస్యంగా అడిగిన ప్రశ్న ఒకటి ఉంది, ఇందులోకి దిగేవాళ్లు ముందే అడగాలి. ఈ పుస్తకం ప్రతులు ఎవరెవరి దగ్గర ఉన్నాయి? మాకు తెలిసింది ఏమిటంటే, అన్నీ ఆ సంస్థ సర్వర్లలోనే ఉన్నాయి. అలాంటప్పుడు మామూలు కంప్యూటర్ లెక్కకూ దీనికీ తేడా ఏముంది? అందరి దగ్గరా ఒకే ప్రతి ఉంటేనే ఒకరు మార్చినప్పుడు ఇంకొకరు పట్టుకోగలుగుతారు. పట్టుబట్టి మా ఆఫీసులో ఒక ప్రతి, కోల్డ్ స్టోరేజీలో ఒకటి, ఎగుమతిదారు దగ్గర ఒకటి పెట్టించాం. దీనికి నాలుగు నెలలు పట్టింది.

మొదటి సీజన్ చివర మందుల అవశేషాల పరీక్షలో పాసైన కాయకు ఆ రోజు జెండా పాట ధర పూర్తిగా వచ్చింది. అందరం సంతోషపడ్డాం. మీటింగులో ఎగుమతిదారు మనిషి ఫోన్‌లో క్యూఆర్ కొట్టి చూపించాడు. చేను పటం, కోత తేదీ, మందుల జాబితా, రైతు ఫోటో అన్నీ వచ్చాయి. వెనక కూర్చున్న కాక లేచి నిలబడి అడిగాడు: "వాళ్లకు మనం కనవడుతున్నం. మంచిగనే ఉన్నది. మరి మనకు వాళ్లు ఎప్పుడు కనవడాలె?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేం మా చేను, మా మందు, మా ముఖం అన్నీ విప్పి చూపించాం. అవతల వైపు తూకం ఎంత వచ్చింది, తేమ ఎంత కట్టారు, డబ్బులో పెట్టిన కోతలు ఏమిటి అన్నది మాకు కనబడలేదు. పారదర్శకత అంటే రైతును మాత్రమే అద్దాల గదిలో నిలబెట్టడం కాదు కదా.

రెండో సీజన్ ఒప్పందానికి ముందే రెండు షరతులు పెట్టాం. సాగు చేసేవారి పేరుకు వేరే గడి కావాలి. వ్యవసాయ విస్తరణ అధికారి పంట నమోదులో రాసుకున్న సాగుదారు పేరు, మా కంపెనీ తీర్మానం, పక్క చేను రైతులు ఇద్దరి సాక్ష్యం, ఇవి ఉంటే పాస్‌బుక్ లేకున్నా ఒప్పుకోవాలి. ఇక రెండోది, కొన్నవాళ్లు తూకం, తేమ, కోతలు, చెల్లించిన ధర, డబ్బు వేసిన తేదీ వాళ్ల చేత్తోనే ఎక్కించాలి, అది రైతు ఫోన్‌కు తెలుగులో మాటగా వినబడాలి. బయట దేశంలో ఎంతకు అమ్మారన్నది మాత్రం చెప్పబోమని అన్నారు. దానిమీద ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ఆ సీజన్ చివర్లోనే, 2025లో, వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా గుండ్రంగా, కారం తక్కువగా, రంగు బాగా ఉండే కాయ అది. మా దగ్గర నలుగురు వేస్తారు. ఊరి పేరు మీద అమ్ముడుపోయే కాయ నిజంగా ఆ నేలదేనని చూపించడానికి ఈ లెక్కలు పనికొస్తాయని ఇప్పుడు వాళ్లే అడిగి పేర్లు రాయించుకుంటున్నారు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కాక మా ఇంటికి వచ్చాడు. ఫోన్ నా చేతికిచ్చి గట్టిగా పెట్టమన్నాడు. సాగుదారు అని అతని పేరు, తర్వాత ఊరి పేరు, 31 బస్తాలు, తూకం, తేమ, కోతలు, డబ్బు పడిన తేదీ వరుసగా వినిపించాయి. చిన్నమ్మను కూడా పిలిచి మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారి పేరు దగ్గరే ఆపమని, "అది ఒక్కటి ఇంకోసారి ఇనిపియ్యి బిడ్డా" అన్నాడు.