ఇంటి సామానులో చరిత్రను చదివిన ఆలిస్ మోర్స్ ఎర్ల్

స్వాతంత్ర్యానికి ముందటి అమెరికా పట్టణాలలో మామూలు కుటుంబాలు ఎలా బతికాయో తెలుసుకోవాలనుకున్నప్పుడు నేను మొదట తెరిచేది ఆలిస్ మోర్స్ ఎర్ల్ పుస్తకాలనే. మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో 1851లో పుట్టిన ఆమె, బ్రూక్లిన్‌లో నలుగురు పిల్లల తల్లిగా సంసారం నడుపుతూనే 1891లో తొలి పుస్తకం ప్రచురించి, 1903 నాటికి 15కు పైగా పుస్తకాలు వెలువరించారు.

వాటిలో 1898 నాటి 'హోమ్ లైఫ్ ఇన్ కొలోనియల్ డేస్' నాకు మిక్కిలి ఇష్టం. గవర్నర్లకూ యుద్ధాలకూ అందులో పెద్దగా చోటు లేదు. పొయ్యి, రాట్నం, మగ్గం, కొవ్వొత్తుల అచ్చు మాత్రం ఫొటోలతో సహా కనిపిస్తాయి. నారబట్ట సంగతే చూడండి. అవిసె మొక్కలను వేళ్లతో సహా పెరికి, ఎండబెట్టి, గింజలు రాల్చి, కాడలను నీళ్లలో నానవేసి, మళ్లీ ఆరబెట్టి, లోపలి పుల్లను విరగగొట్టి, ఇనుప పళ్ల దువ్వెనల మీద పదేపదే దువ్వితే గాని వడకడానికి పనికివచ్చే పీచు చేతికి రాదు. ఆ తరువాతే వడకడం, నేయడం, ఎండలో తెల్లబరచడం. చరిత్రకారులు అంతగా పట్టించుకోని ఈ స్త్రీల శ్రమకు ఆమె ఏకంగా అధ్యాయాలు కేటాయించారు. ఆమె చేసిన అతిపెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

పాత ఉత్తరాలు, డైరీలు, మరణించినవారి ఆస్తి జాబితాలు ఆమెకు ఆధారాలు. చదువు కోసం బోస్టన్‌లో మేనత్త ఇంట ఉన్న అన్నా గ్రీన్ విన్‌స్లో అనే బాలిక 1771లో తల్లిదండ్రుల కోసం రాయడం మొదలుపెట్టిన డైరీని ఎర్ల్ 1894లో పరిష్కరించి ప్రచురించారు. తాను వడికిన నూలు, కుట్టిన బట్టలు, విన్న ప్రసంగాలు, పెట్టుకోవాలని ఆశపడిన టోపీలు అన్నీ ఆ పిల్ల అందులో రాసుకుంది.

అయితే ఎర్ల్ రచనలలో పూర్వీకుల మీది గౌరవం తరచుగా ప్రశ్నించవలసిన చోట కూడా మెత్తబడుతుంది. అన్నా డైరీలోనే, ఆ మేనత్త ఇంట బానిసగా ఉన్న లూసిండా కనిపిస్తుంది. ఒక దువ్వెననూ ఒక రాట్నాన్నీ అంత ఓర్పుతో పరిశీలించిన రచయిత్రి, ఆ ఇంటి పనిలో లూసిండా చేతుల వాటా ఎంతో కూడా అంతే ఓర్పుతో వెదికి ఉండవలసింది.