హేతువు అడుగు ప్రతివానికిని

రేడియో మూడుసార్లు ఫోన్ చేశాడు. "సంక్రాంతిలోపు పంపకపోతే నీ పేజీలో ఎరువుల కొట్టు ప్రకటన వేసేస్తాం" అన్నాడు. స్వర్ణోత్సవ సంచికట, మనిషికి రెండు పేజీలట, పాస్‌పోర్టు ఫొటో ఒకటట. ఇంటర్వెల్లో అందరి రహస్యాలూ ప్రసారం చేసినవాడే ఇప్పుడు సంపాదకుడు. కమిటీ ఇచ్చిన అంశం 'బడితో నా అనుబంధం'. నిజం చెప్పాలంటే ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా నాకు గుర్తున్నవి రైలుపట్టా గంట, వేపచెట్టు కింద కుండలో నీళ్లు, బజ్జీల మామ్మ. అంతే. తక్కిందంతా పదో తరగతి 'బి' సెక్షన్. అందులోనూ శనివారం ఆఖరి పీరియడు.

కాబట్టి చింతపిక్క తాటిముంజల కేసు, హెడ్‌మాస్టరుగారి కుక్క, నాగార్జునసాగర్ ఎక్స్‌కర్షన్లో తప్పిపోయిన ఇద్దరు (మీరెవరో మీకు తెలుసు) వేరేవాళ్లకి వదిలేస్తున్నాను. నేను రాసేది ఉపపత్తి మాష్టారి గురించి.

ఆయన లెక్కల మాష్టారు. దత్తాంశం (ఇచ్చింది), సారాంశం (రుజువు చెయ్యాల్సింది), నిర్మాణం, ఉపపత్తి (రుజువు). ఈ నాలుగు మాటలూ వరసలో రాయకపోతే జవాబు రైటయినా మార్కులు తెగేవి. శనివారం స్క్రిప్చర్ క్లాసు, అంటే బైబిలు క్లాసు, ఆయనకెందుకు అప్పజెప్పారో తెలీదు. పాదిరిగారికి బదిలీ అయి, ఇంకెవరూ దొరక్క అయ్యుంటుంది. మన సెక్షన్లో స్క్రిప్చర్‌కి వచ్చేవాళ్లం పధ్నాలుగు మందిమి. తక్కినవాళ్లు పక్కగదిలో మోరల్ క్లాసుకి, అంటే నిద్రకి, పోయేవాళ్లు. 1975 జూన్‌లో మొదటి శనివారమే పదిహేనోవాడు వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు. నాస్తికం.

వాళ్ల నాన్నగారు విజయవాడ పటమటలోని నాస్తిక కేంద్రం మనిషి. ఇంట్లో వినాయక చవితి లేదు, క్రిస్మస్ లేదు, అన్నప్రాశన కూడా లేదు. హేతువాది కోవూర్ గారి లక్ష రూపాయల సవాలు గురించి ఊళ్లన్నీ మాట్లాడుకుంటున్న రోజులు. ఎవడైనా మోసానికి వీల్లేని చోట ఒక్క మహిమ చేసి చూపిస్తే లక్ష ఇస్తానన్న మనిషి ఆయన. ఆయన తండ్రి కేరళలో చర్చి గురువని నాస్తికం నాకు ప్రత్యేకంగా చెప్పేవాడు, నేను లూథరన్ చర్చివాణ్ణి కాబట్టి.

"నేను హేతువాదిని సార్" అన్నాడు లేచి. "చచ్చినవాడు లేస్తాడంటే నమ్మను. హేతువు చెప్పండి."

గదంతా చీమ చిటుక్కుమంటే వినపడేంత. మాష్టారు చెవిమీది సుద్దముక్క తీసి, నా వైపు చూసి, "మొదటి పేతురు మూడు పదిహేను చదవరా" అన్నారు. నేను సండే స్కూల్ ప్రైజు పుచ్చుకున్నవాణ్ణి. పేతురు పత్రిక ఎక్కడుందో దొరకలేదు! హెబ్రీయులకు దాటి, యాకోబు దాటి, మళ్లీ వెనక్కొచ్చి చెమటలు పట్టాయి. నాస్తికమే నా చేతిలోంచి బైబిలు లాక్కుని తీసి, గట్టిగా చదివాడు: "మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండి..."

'హేతువు' దగ్గర వాడి గొంతు తడబడింది. అది తమ ఇంటి మాట అనుకున్నాడు పాపం.

"చూశావా, అడిగే హక్కు పేతురే ఇచ్చాడు నీకు. కూర్చో" అన్నారు మాష్టారు. "సాత్వికముతోను అన్నది మాత్రం మనిద్దరికీ వర్తిస్తుంది." ఆ 'సాత్వికముతోను' తర్వాత ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. కబడ్డీలో కాలు విరగ్గొట్టి కూడా అదే మాట అన్నారు మీరు.

వచ్చే శనివారానికి బోర్డు నిండిపోయింది. పైన 'సారాంశం: క్రీస్తు లేచెను' అని రాసి, పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. దాని కింద దత్తాంశం. దత్తాంశంలో మన బైబిలు ఒక్కటే ఉంటే నాస్తికం ఒప్పుకోడు కదా. అందుకని మొదట టాసిటస్‌ని రాశారు. క్రీ.శ. 116 ప్రాంతంలో రాసిన రోమన్ చరిత్రకారుడు. తిబెరి చక్రవర్తి కాలంలో రోమన్ గవర్నరు పిలాతు క్రీస్తుకి మరణశిక్ష వేశాడని చెప్పి, ఆ మతాన్ని పాడు మూఢనమ్మకమని తిట్టాడు. "మనల్ని తిట్టినవాడి సాక్ష్యంరా ఇది. మేనమామ సాక్ష్యం కంటే గట్టిది" అన్నారు. తర్వాత పిలాతు పేరు చెక్కిన రాయి. కైసరయలో 1961లో దొరికింది, అంటే అప్పటికి పధ్నాలుగేళ్లే అయింది. ఆ తర్వాత పౌలు కొరింథు వాళ్లకి రాసిన ఉత్తరం. సుమారు క్రీ.శ. 55లో, సిలువ వేసి పాతికేళ్లయినా నిండకముందు రాసింది. ఐదువందల మందికి పైగా చూశారని చెప్పి, "వీరిలో అనేకులు ఇప్పటివరకు నిలిచియున్నారు" అంటాడు. "అంటే ఏమిటి? అనుమానముంటే పోయి అడుక్కోండి అని."

చివరి దత్తాంశం ఆడవాళ్లు. ఖాళీ సమాధిని మొదట చూసింది వాళ్లు. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ అంతంత మాత్రం. కట్టుకథ అల్లేవాడు ఏ పెద్దమనిషినో పెడతాడుగానీ మగ్దలేనే మరియను పెట్టడు. పైగా క్రీస్తు శిష్యులైన అపొస్తలులకే ఆ మాటలు "వెఱ్ఱిమాటలుగా కనబడెను" అని లూకా రాశాడు. "మొదటి హేతువాదులు పదకొండు మంది. నువ్వు పన్నెండోవాడివి" అన్నారు నాస్తికంతో. చింతపిక్క వెంటనే "అయితే గురువుని పట్టించిన యూదా సీటు ఖాళీగా ఉంది సార్" అన్నాడు. ఆ రోజు దెబ్బలు తిన్నది వాడొక్కడే.

నాస్తికం ఊరుకున్నాడనుకుంటున్నారా? ఒక సువార్తలో ఒక దూత, ఇంకోదాన్లో ఇద్దరు, ఏది కరెక్టన్నాడు. బాబాల మహిమలకి ఇవాళ వేలమంది సాక్షులున్నారు, వాళ్లనీ నమ్ముతారా అన్నాడు. రెండోదానికి మాష్టారు చాలాసేపు సుద్దముక్క తిప్పుతూ నిలబడి, "వచ్చేవారం చెప్తా" అన్నారు. మేము, అంటే క్రైస్తవ పిల్లలం, తలలు దించుకున్నాం. లెక్కల మాష్టారు లెక్క చెయ్యలేకపోవడం అదే మొదలు.

వచ్చేవారం ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ వింతే. ముందు నాస్తికం పక్షానే వాదించారు. "నీ వాదానికి పదును చాల్లేదు. ఇది పట్టుకో" అని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మాట చెప్పారు. 1748 నాటిది. అద్భుతాన్ని చూశానన్నవాడు పొరబడ్డాడనో అబద్ధమాడాడనో అనుకోవడం, ఆ అద్భుతం కంటే నమ్మశక్యం కానిదైతే తప్ప, వాణ్ణి నమ్మకూడదని. అది బోర్డు మీద ఎడమవైపు రాశారు. కుడివైపు తన జవాబు. సాక్షులకు ఏం దక్కిందో చూడాలన్నారు. కానుకలా, కొరడా దెబ్బలా?

"సిద్ధాంతం కోసం అడవుల్లోకెళ్లి చచ్చిపోయినవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు సార్. చచ్చిపోతే నిజమైపోతుందా?" అన్నాడు నాస్తికం. ఎమర్జెన్సీ రోజులు. మాష్టారు ముందు లేచెళ్లి తలుపు దగ్గరగా వేసొచ్చారు.

"కాదు. నమ్మినదానికోసం ఎవడైనా చస్తాడు. తనే కల్పించానని తెలిసినదానికోసం చావడు. దీన్నిబట్టి వాళ్లు అబద్ధమాడలేదని తేలింది. పొరబడలేదని తేల్లేదు. అక్కడిదాకే వచ్చాం, రాసుకోండి."

అక్కడిదాకే వచ్చాం! ఇదేం స్క్రిప్చర్ క్లాసని మా నాన్నగారు రాత్రి అన్నం మానేశారు.

జులై ఆఖర్లో, నాస్తిక కేంద్రం పెట్టిన గోరాగారు పోయారు. 26వ తేదీ, విజయవాడలో సభలో మాట్లాడుతుండగానే. నాస్తికం రెండు రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు మాష్టారు లెక్కల పీరియడ్‌కి ముందు అందర్నీ నిలబెట్టారు. ప్రార్థన చెయ్యలేదు. "ఆయనకు ప్రార్థన ఇష్టముండదు, ఊరికే నిలబడండి" అన్నారు. తర్వాత, మన గుంటూర్లో ఉండి పోయిన జాషువాగారి కూతురే గోరాగారి కోడలని చెప్పారు. "క్రీస్తు చరిత్ర రాసిన కవి, నాస్తికుడు వియ్యంకులయ్యారు. వాళ్లకి లేని ఇబ్బంది మీకేంటి?"

ఒక్కసారి మాత్రం ఆయన మొహం మారడం చూశాను. చెప్పింది నాస్తికం కాదు, వెనక బెంచీవాడు. పేరు రాయను, ఇప్పుడు మనవలున్నారు. "మీ తాతలు ఏ హేతువుతో మతంలో కలిశారు సార్? గంజి హేతువుతోనా?" అన్నాడు. మాష్టారిది ఒంగోలు వైపు. ఆయన సుద్దముక్క బల్లమీద పెట్టారు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు దొర క్లౌ, బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. కరువు తీరాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. "అందులో మా తాత ఒకడు. గంజి అయిపోయాక వచ్చాడు" అన్నారు. కాసేపాగి మామూలు గొంతుతో, "అయినా గంజి కోసమే వచ్చాడనుకో. ఎందుకొచ్చాడన్నది ఒక లెక్క. వచ్చిన చోట ఉన్నది నిజమా కాదా అన్నది ఇంకో లెక్క. రెండూ కలిపితే తప్పొస్తుంది" అన్నారు. నాస్తికం వెనక్కి తిరిగి ఆ కుర్రాణ్ణి చూసిన చూపు నాకు గుర్తుంది. ఆ సాయంత్రం నాస్తికమూ మాష్టారూ సైకిళ్లు నడిపించుకుంటూ శంకర్ విలాస్ సెంటర్ దాకా వెళ్లారు.

ఆ తర్వాత సృష్టి మొదలు గురించి కూడా చాలా శనివారాలు నడిచాయి. 1927లో విశ్వం విస్తరిస్తోందన్న లెమైత్ర్ ఒక కాథలిక్ ఫాదరని మాష్టారు గర్వంగా చెప్పేవారు. దాన్ని దేవుడికి రుజువుగా వాడొద్దని ఆ ఫాదరే అన్నట్టు నేను తర్వాత చదివాను. మాష్టారికి తెలిస్తే ఎడమవైపు రాసేవారు.

మార్చిలో చివరి శనివారం బోర్డుమీద అన్నీ ఉన్నాయి, ఉపపత్తి కింద ఖాళీ. "త్రిభుజానికి ఉపపత్తి ఉంటుంది. జరిగిపోయినదానికి సాక్ష్యమే ఉంటుంది. సాక్ష్యం తూచి, ఎటు మొగ్గిందో చూసుకుని, అటు అడుగెయ్యాలి. నేను వేశాను. మీ తూకం మీది" అన్నారు. కొరింథీయుల పత్రికలోదే ఇంకో మాట చదివించారు: "క్రీస్తు లేపబడియుండనియెడల మేముచేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే." ఓడిపోతే ఏమవుతుందో ముందే రాసిచ్చిన మతం అన్నారు. గంట కొట్టారు. అందరం గ్రూప్ ఫొటోకి పరిగెత్తాం.

ఆయన్ని మళ్లీ చూసింది 1977లో దివిసీమలో. నవంబరు 19 ఉప్పెన తర్వాత, కాలేజీ వాలంటీర్లుగా వెళ్లాం. పటమట వాళ్ల బృందంతో నాస్తికం వచ్చాడు. చర్చి వాళ్లతో మాష్టారు వచ్చారు. పంచె మోకాళ్ల పైకి కట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, శవాలు మోస్తున్నారు. సాయంత్రం గట్టుమీద ముగ్గురం కూర్చుంటే నాస్తికం, చాలా నెమ్మదిగా, "దీనికి హేతువు?" అన్నాడు. మాష్టారు "తెలీదురా" అన్నారు. ఇంకేమీ అనలేదు. వాడూ రెట్టించలేదు. నా మటుకు నాకు, పదో తరగతిలో విన్న వాదాలన్నిటికంటే ఎక్కువ కాలం వెంటాడింది ఆ 'తెలీదు'.

ఇక నా సంగతి, కమిటీ అడిగింది కనక. బ్యాంకులో క్లర్కుగా చేరి, ఇన్‌స్పెక్షన్ విభాగంలో పద్దెనిమిదేళ్లు చేసి, 2020 మార్చిలో డీజీఎంగా రిటైరయ్యాను. లాక్‌డౌన్ వల్ల దండా శాలువా లేవు. ఒక బ్రాంచిలో సొమ్ము మాయమైతే, నలుగురూ అక్షరం పొల్లుపోకుండా ఒకే కథ చెప్పారు. అక్కడే పట్టుకున్నాను. దూత ఒకరా ఇద్దరా అన్న రోజు మాష్టారు చెప్పిన జవాబు అదే. నిజం చూసినవాళ్లు చిల్లర విషయాల్లో తేడాగా చెబుతారు, కూడబలుక్కున్నవాళ్లు చెప్పరు. దానికి నాకో ప్రమోషనొచ్చింది. ఇప్పటికీ ఆదివారం చర్చికి పోతాను. చెప్పులతోపాటు బుర్ర కూడా గుమ్మం బయట వదిలి రానక్కర్లేదని నేర్పిన మనిషి వల్లే పోతున్నాను.

పెద్దమ్మాయి మాంచెస్టర్‌లో డాక్టరు. కిందటేడు వెళ్లినప్పుడు, ఊరంతా చూపిస్తానంటే వద్దని, రైలాండ్స్ లైబ్రరీకి తీసుకుపొమ్మన్నాను. మాష్టారు చెప్పిన ముక్క అక్కడుంది. యోహాను సువార్త రాసిన పాపిరస్ (పాతకాలపు రెల్లుకాగితం) ముక్క, మన పోస్టుకార్డులో సగం కూడా ఉండదు. దాన్ని 1935లో అచ్చులో ప్రకటించారు. మాష్టారు దాని వయసు క్రీ.శ. 125 అని బోర్డుమీద రాసేవారు. ఇప్పటి పండితులు అంత కచ్చితంగా చెప్పడానికి వీల్లేదని, రెండో శతాబ్దంలో ఎప్పుడైనా, ఇంకా తర్వాతైనా కావచ్చని అంటున్నారు. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. అమ్మాయి రెండుసార్లు వాచీ చూసుకుంది.

ఆ ముక్క వెనకవైపు పిలాతు ఘట్టం. వాక్యం వరసన పెట్టి చూస్తే, 'ఆయనతో చెప్పెను' అన్న మాట మిగిలింది, 'అది చెప్పి' అన్నదాంట్లో కాస్త మిగిలింది. మధ్యలో ఉండాల్సిన "సత్యమనగా ఏమిటి?" అన్న ప్రశ్న మాత్రం చిరిగిపోయింది.

ఫొటో తీసి నాస్తికానికి పంపి, ఇదంతా టైపు చేశాను. వాడు ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద లాయరు, ఇప్పటికీ నాస్తికమే. పది నిమిషాల్లో జవాబొచ్చింది: "125 అని ఎవడు చెప్పాడు? హేతువు?" కింద ఇంకో మెసేజి: "సాత్వికముతోనే అడుగుతున్నా."

రేడియో, రెండు పేజీలు దాటాయని తెలుసు. కోసేటప్పుడు దివిసీమ జోలికి వెళ్లకు, నా ప్రమోషన్ ముక్క కొయ్యి. ఫొటో వేరేగా పంపాను. జుట్టున్నది వెయ్యి.