కరోనా టైములో మా బాబుకి రక్తం: నా అనుభవం

హమ్మయ్య, ఇవాళ మధ్యాహ్నానికి బాబుకి రక్తం ఎక్కించేశారు. వాడికి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారుకాని పుట్టుకతో వచ్చే రక్తజబ్బు. మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించకపోతే హిమోగ్లోబిన్ పడిపోతుంది, పెదాలు పాలిపోతాయి, నాలుగు మెట్లెక్కినా ఆయాసమే.

డాక్టరు చీటీ, శాంపిల్ ఇవ్వడం ఎప్పట్లాగే అయిపోయాయి. తిప్పలన్నీ బ్లడ్ బ్యాంక్ కౌంటర్ దగ్గరే. అక్కడ కూర్చున్నాయన చీటీ సగం కూడా చదవకుండా "అర్జెంటు కానివన్నీ వాయిదా వేశాం, వచ్చే నెల రండి" అన్నాడు. వాయిదా వేసింది ఆపరేషన్లు సార్, వీడికి రక్తం వాయిదా వేస్తే ఎలా అంటే, "కష్టం మీ ఒక్కరికేనా? స్టాక్ లేదు, కావాలంటే దాతను మీరే తెచ్చుకోండి" అని లైన్లో అందరికీ వినపడేలా అరిచాడు. ఇంతలో మాస్కులో ఊపిరాడక బాబు దగ్గాడు. అంతే, "ముందు వీడికి టెస్టు చేయించండి" అని మమ్మల్ని గుమ్మం బయటికి పంపేశాడు. వెనకున్నవాళ్లు గబగబా జరిగిపోయారు. బాబు మాస్కుని కళ్లదాకా లాక్కుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

స్టాక్ లేదన్నది అబద్ధమేం కాదు. రక్తదాన శిబిరాలు ఆగిపోయాయి, ముందే దాచిపెట్టుకుందామంటే ఎర్రకణాలు 42 రోజులకు మించి నిల్వ ఉండవు, ప్లేట్‌లెట్లయితే మామూలుగా 5 రోజులే. కానీ ఆ మాట మర్యాదగా చెప్పొచ్చుగా!

ఇక దాతల కోసం ఫోన్లు. మా బావమరిది వస్తానన్నాడు గానీ కరోనా తగ్గి 28 రోజులు కాలేదని వద్దన్నారు. ఈ కరోనా టైము రూల్ మంచిదే. మిగతావాళ్లకేమో రక్తమిస్తే కరోనా అంటుకుంటుందని భయం. అయ్యా, సూది, సంచీ ప్రతి దాతకూ కొత్తవే. ఇలాంటి శ్వాసకోశ వైరస్‌లు రక్తం ద్వారా సోకినట్టు ఒక్క కేసూ నమోదు కాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. జాగ్రత్త పడాల్సింది పక్కవాడి ఊపిరితో, అందుకే గుంపుగా పోకుండా టైము అడిగి వెళ్లండి. నేను పద్దెనిమిదో ఏటి నుంచీ ఇస్తున్నా, ఈ గోలలోనూ ఇచ్చా.

చివరికి పని జరిగింది లోపలున్న మెడికల్ ఆఫీసర్ వల్ల. ఆవిడ చీటీ చూడగానే "తలసీమియా పిల్లాణ్ణి బయట నిలబెట్టారా?" అని కేకేసి, విడిగా ఉంచిన రక్తం యూనిట్‌ బాబు రక్తానికి సరిపోతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ చేయించారు.

వచ్చేసారికి ఇద్దరు దాతలతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకున్నా. కౌంటర్లో ఆయనే ఉంటే చీటీ ఆయన చేతికిచ్చేదే లేదు, నేరుగా ఆ మేడమ్ దగ్గరికే.