పాండిచ్చేరి పోవాల్సినోళ్ళం మరక్కాణంలో దిగబడ్డాం

ఆదివారం పూట ఈసీఆర్, అంటే పాండిచ్చేరి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదకి కారు తియ్యొద్దని మెడ్రాసులో ఎవర్నడిగినా చెప్తారు, అయినా తీశాం. తిరువాన్మియూర్ నుంచి నీలాంకరై దాకా సెకండ్ గేరు దాటలేదు, ఆపైన ఉత్తండిలో టోలు, టోలు కట్టాక రోడ్డేమన్నా ఖాళీయా అంటే అదీ లేదు. ముట్టుకాడు దాటాక సముద్రం కనపడేట్టు కుర్చీలేసిన ఒక హోటల్లో రెండు కాఫీలు, పాపకో నిమ్మరసం, బిల్లు 480. సముద్రానికి 400, మిగతా వాటికి 80 అని మా ఆవిడ లెక్క తేల్చేసింది. వడనెమ్మేలి మొసళ్ళ పార్కులో పాప గంటన్నర నిలబడిపోయింది, 1976 నుంచీ ఉన్న పార్కంట, అందులో కొన్ని మొసళ్ళు అప్పట్నుంచీ కదల్లేదేమో అనిపించింది నాకు. మహాబలిపురం గురించి రాయను, అందరూ రాసిందే, పార్కింగ్ వాడితో గొడవ కూడా అందరూ పడిందే.

కల్పాక్కం దాటాక మాత్రం రోడ్డు మారిపోతుంది. ఫోర్ లేన్ పనుల దుమ్ము, మధ్యమధ్యలో డైవర్షన్లు, ఆ దుమ్ము అవతల సరుగుడు తోటలు, వాటెనక ఎక్కడో బకింగ్‌హాం కాలువ. మా కావలి దగ్గర సముద్రానికీ ఊళ్ళకీ మధ్యన పోయే కాలువే ఇది, చిన్నప్పుడు దాన్ని దాటే సముద్రానికి పోయేవాళ్ళం. మెడ్రాసు ఊరి మధ్యలో ఉన్న ముక్కని 1877-78 కరువులో కూలి పనుల కింద తవ్వించారు. ఇప్పుడు దాని కంపుకి ముక్కు మూసుకుని పోతామనుకోండి. ఆ కాలువ దక్షిణాన వచ్చి ఆగేది ఈ మరక్కాణం వైపే. ఉప్పు కొఠార్లు కనపడగానే, అచ్చం మన ఇసకపల్లే గదా అన్నాను, మా ఆవిడది గుంటూరు, ఆవిడకి ఇసకపల్లి తెలీదు, ఊఁ అంది.

మరక్కాణంలో మా పొడుగోడున్నాడు. కాలేజీలో వాలీబాల్ టీములో వాడు స్మాషర్, నేను లిఫ్టర్, అంటే నేను నెట్టు పక్కన బాల్ లేపి పెడితే వాడు ఎగిరి కొడతాడు. నెట్టు ఎత్తు 2.43 మీటర్లు, వాడు ఎగిరితే మోచెయ్యి నెట్టు పైన కనపడేది. మా పాత టీము వాట్సాప్ గ్రూపులో వాడు రొయ్య పిల్ల రేటు తప్ప ఇంకేం పెట్టడు, పండక్కి శుభాకాంక్షలు కూడా పెట్టడు. పది నిమిషాలు పలకరించి పోదామనుకున్నా.

వాడు హేచరీలో ఉన్నాడు, రొయ్య పిల్లల్ని పెంచే చోటు. ఇన్నేళ్ళ తర్వాత కనపడ్డాను గదా, పరిగెత్తుకొచ్చి పట్టుకుంటాడనుకున్నా. గేటు దగ్గర నిలబడి "ఆగరా, కాళ్ళు ముంచు" అన్నాడు. పర్మాంగనేటు నీళ్ళ తొట్టి. చెప్పులిప్పి ముంచాను. "చేతులు కూడా." చేతులూ కడిగాను. అప్పుడొచ్చి పట్టుకున్నాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, పొడుగు మాత్రం అంతే. బయటి రోగం లోపలికొస్తే ఒక్క రాత్రిలో ట్యాంకులన్నీ పోతాయంట, వాడి ఓనరొచ్చినా తొట్టిలో కాళ్ళు ముంచాల్సిందేనంట.

వాడికి ఆ భయం ఎక్కడ్నుంచొచ్చిందో నాకు తెలుసు. 1994-95లో వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చి టైగర్ రొయ్య చెరువులు పోయినప్పుడు వాళ్ళ నాయన చెరువులూ పోయాయి. మా జిల్లాలో ఆ ఏడు ఎన్ని ఇళ్ళు తాకట్టులోకి వెళ్ళాయో చెప్పక్కర్లేదు. ఆ అప్పుల మీదే రెండేళ్ళు నెట్టుకొచ్చి, చివరికి వీడు డిగ్రీ మధ్యలో ఆపేసి రొయ్యల పనిలోకే వచ్చాడు, ముంచిన చోటే తేలతానన్నాడు. 2009లో వెనామీ రొయ్యకి పర్మిషన్ వచ్చాక పని పెరిగి ఇటొచ్చేశాడు. తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో వస్తాయని చెప్తే మా పాప పడీపడీ నవ్వింది. "నవ్వుతావేంది తల్లీ, దిగినాక యాడుంటాయో తెలుసా, మీ నీలాంకరైలోనే, క్వారంటైన్‌లో" అన్నాడు. నేను రోజూ ఆఫీసుకి ఆ రోడ్డు మీదే పోతాను, నాకిప్పటిదాకా తెలీదు.

పాపకి ఒక తొట్టిలో కొన్ని పిల్లల్ని పోసి, చేత్తో నీళ్ళు గుండ్రంగా తిప్పి చూపించాడు. కనురెప్ప వెంట్రుకంత ఉన్నాయి, బాగున్నవి నీళ్ళకి ఎదురు ఈదుతున్నాయి, నీరసంగా ఉన్నవి మధ్యలోకొచ్చి పోగవుతున్నాయి. నెల్లూరు నుంచి రైతులొస్తే ముందు ఇదే చూస్తారంట. ఇంత చెప్తూ వాడు ఒక్కసారి కూడా ఆట మాటెత్తలేదు. నాకు కొంచెం కోపమొచ్చింది. నేనే ఎత్తాను.

భోజనాల దగ్గర ఎత్తాను, అదే తప్పయిందని మా ఆవిడ అంటుంది, నేనొప్పుకోను. వాళ్ళావిడ మామిడికాయేసి చేపల పులుసు చేసింది, "అన్నా, నిన్నటిదైతే ఇంకా బాగుండు, ఇయ్యాళే చేశా" అని బాధపడతా వడ్డించింది. ఆ పులుసులో చెయ్యి పెట్టి నేను ఒంగోలు టోర్నమెంటు ఫైనల్ గుర్తు చేశాను. అప్పట్లో పాత లెక్క, సర్వీసు మనదైతేనే పాయింటు, 15కి గేమ్. మేం 14-13 మీదున్నాం, సర్వీసు మాది. నేను లేపాను, వీడు కొట్టాడు, బాల్ అవతల నేలకి తగిలింది, విజిల్ పడింది. సర్వీసు అవతలోళ్ళకి పోయింది, తర్వాత మ్యాచే పోయింది.

"నువ్వు నెట్టు తాకకుండా ఉంటే కప్పు మనదే" అన్నాను.

ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "నేను తాకడమేందిరా? నీది డబుల్ టచ్చి గదా!"

బాల్ లేపేటప్పుడు నా చేతులకి రెండుసార్లు తగిలిందని, ఆ విజిల్ దానికే పడిందని ఇన్నేళ్ళుగా వాడు అనుకుంటున్నాడు! నేనేమో వాడి మోచేతికి పడిందని ఇన్నేళ్ళూ మనసులోనే తిట్టుకుని, పాపం ఇంటి కష్టాల్లో ఉన్నాడు గదాని పైకనకుండా ఊరుకున్నాను. వాడూ సరిగ్గా అంతే, పాపం సిన్నోడు బాధపడతాడని ఊరుకున్నాడంట! అన్నం ఎండిపోయింది. వాడు లేచి పులుసు చేత్తోనే నేనెట్లా లేపానో చేసి చూపించాడు. ఆడోళ్ళిద్దరూ గిన్నెలు తీసుకుని లోపలికి పోయారు.

పాండిచ్చేరి ఇంకో 30 కిలోమీటర్లే, కానీ అప్పటికే నాలుగయింది. సాయంత్రం హేచరీ కుర్రాళ్ళు వెనక ఇసకలో నెట్టు కట్టారు, ఒడిశా వాళ్ళు కొందరు, ఇక్కడి తమిళ పిల్లలు కొందరు. మమ్మల్ని చెరో వైపు వేశారు, ఒకే వైపు వెయ్యమని ఇద్దరం అడగలేదు కూడా. ఇప్పుడంతా 25 పాయింట్లు, సర్వీసు ఎవరిదైనా తప్పు చేస్తే అవతలోళ్ళకి పాయింటే, నాకెందుకో ఈ లెక్క నచ్చదు, ఊపిరి తీసుకునే టైమే ఉండదు. ఇసకలో పొడుగోడు ఎగరలేకపోయాడు గానీ, నిలబడే చెయ్యెత్తి ఒకటి కొట్టాడు నా మీదకి, ముంజేయి ఇంకా ఎర్రగా ఉంది. నేను బాల్ లేపిన ప్రతిసారీ "డబుల్ టచ్" అని అరుస్తాడు. వాడి కుర్రాళ్ళు భయపడి పాయింటు వాడికే ఇస్తారు.

చీకటి పడ్డాక సీడు ప్యాకింగ్ మొదలైంది, కవర్లలో నీళ్ళు పోసి పిల్లల్ని వేసి ఆక్సిజన్ పట్టి కడుతున్నారు, రాత్రంతా నడిచి వ్యాను తెల్లారేసరికి నెల్లూరు చేరాలంట. అంత పనిలోనూ వాడు ఫోను తీసి, ఆ రోజు మా టీములోనే ఉండి ఇప్పుడు కావలిలో మందుల షాపు పెట్టుకున్నోడికి వీడియో కాల్ కలిపాడు. విషయం చెప్పాం. వాడు కాసేపు మమ్మల్ని చూసి, "అది అంపైర్ విజిల్ కాదురా, గ్రౌండు పక్కన బస్సు కండక్టరుది, మీరిద్దరూ ఆట ఆపేసి అంపైర్ మీదకి గొడవకి పోతే ఆయన సర్వీసు అవతలోళ్ళకిచ్చాడు" అన్నాడు.

ఫోను కట్ చేసి పొడుగోడూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. వాడు ఆ టోర్నమెంటు మొత్తం ఎక్స్‌ట్రా ప్లేయరు, బెంచీ మీద బఠానీలు తింటా కూర్చున్నాడు, వాడికేం తెలుసు.