‘తొన్’ ఎక్కడికి పోతోంది?

పిల్లాడికి మాటలు సరిగా రావట్లేదంటే, ఇంట్లో రెండు భాషలున్నవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: ఒక భాష ఆపేయండి. మేముండేది గ్రీసులో, థెస్సలొనీకిలో. మా ఆయన గ్రీకు, నాది విజయనగరం. ఆపమన్నది దేన్నో వేరే చెప్పక్కర్లేదు కదా!

ముందు చెవుల పరీక్ష చేశారు, వినికిడి బాగానే ఉంది. తర్వాత స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి. పిల్లాడు కుక్కకి స్నానం చేయిస్తున్న బొమ్మ చూపించి, కుక్కని ఏం చేస్తున్నాడని ఆవిడ అడిగింది. గ్రీకులో ‘తొన్ ప్లేని’ అనాలి, అంటే ‘దాన్ని కడుగుతున్నాడు’ (‘తొన్’ అంటే ‘దాన్ని’). మావాడు ‘ప్లేని’ అని ఊరుకున్నాడు. తెలుగులో ‘కడుగుతున్నాడు’ అంటే సరిపోతుంది కాబట్టి ఇది తెలుగు ప్రభావమే అనుకున్నాం. ఆవిడ మాత్రం అంత తొందరగా ఒప్పుకోలేదు.

తర్వాత అర్థం లేని మాటలు తిరిగి అనిపించింది. మూడక్షరాలవి చక్కగా అన్నాడు. నాలుగైదు అక్షరాలవైతే మధ్యలో ముక్కలు ఎగిరిపోయాయి. పొడుగు వాక్యాలకీ అంతే: భావం ఉంటుంది, చిన్న మాటలుండవు. అయితే జ్ఞాపకశక్తి సమస్యేనా అన్నాను. ‘తొన్ ప్లేని’ మూడక్షరాలే కదా, మరి అందులో ‘తొన్’ ఎందుకు పోతోందని ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది. పైగా ‘తొన్ స్కీలో’ (కుక్కని; ఇక్కడ ‘తొన్’ ఇంగ్లీషు ‘the’ లాంటిది) అనేటప్పుడు అదే ‘తొన్’ని వాడు వదిలేవాడు కాదు. వ్యాకరణం దెబ్బతిన్నదా, జ్ఞాపకం చాలక వ్యాకరణం నిలవట్లేదా అనే వాదన పరిశోధకుల్లో ఇంకా తేలలేదట.

తెలుగుకి అక్కడ పరీక్షలు లేవు. అందుకని అమ్మమ్మతో వాడి వీడియో కాల్ రికార్డు చేసి, ప్రతి మాటకీ గ్రీకులో అర్థం రాసిచ్చాను. ‘తాతయ్య వచ్చింది.’ ‘నేను బస్సు వెళ్ళాను.’ ఇంట్లో ముద్దుగా నవ్వుకునే మాటలే ఇవి, వరసగా కాగితం మీద చూస్తే నవ్వు రాలేదు. రెండు భాషల వల్ల ఈ సమస్య రాదనీ, ఉంటే రెండింట్లోనూ కనిపిస్తుందనీ అప్పుడు థెరపిస్ట్ చెప్పింది. భాష నేర్చుకోవడంలోనే ఉండే ఈ ఇబ్బందిని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు. అంత అరుదేం కాదు, వందమంది పిల్లల్లో సుమారు 7గురికి ఉంటుందని అంచనా.

ఆ తర్వాతదంతా ప్రభుత్వ కేంద్రం, ఎదురుచూపులు, స్టాంపులు. అక్కడి టెన్షన్ గురించి రాయడం మొదలుపెడితే ఆగను. చివరికి బడిలోనే ప్రత్యేక తరగతి దొరికింది.

థెరపీలో తప్పు అని చెప్పరు. వాడు ‘ప్లేని’ అంటే ఆవిడ ‘నే, తొన్ ప్లేని’ అంటుంది (‘నే’ అంటే అవును), అంతే. ఇంట్లో తెలుగు ఆపలేదు, నేనూ అలాగే ‘అవును, తాతయ్య వచ్చాడు’ అంటున్నాను. మా అమ్మకీ చెప్పి చూశాను. ఆవిడ మాత్రం ‘వచ్చాడు అను, మళ్ళీ అను’ అంటూ కూర్చుంటుంది. వాడు కాల్ కట్ చేసేస్తున్నాడు.