తొమ్మిది గళ్ళలో కిల్న్ ఆపరేటర్

ఈరోజు మా సిమెంటు ఫ్యాక్టరీలో టాలెంట్ రివ్యూ, అంటే ఉద్యోగుల్లో ఎవరు ఎలా చేస్తున్నారో, ఎవరు ఎదుగుతారో తేల్చే మీటింగు. పొద్దున కడపలో స్టాఫ్ బస్సు ఎక్కుతున్నప్పుడే అనుకున్నాను, ఇవాళ భోజనం మూడింటికేనని. అలాగే అయింది.

ఏటా ఇదే తంతు. స్క్రీన్ మీద తొమ్మిది గళ్ళు, అడ్డంగా పనితీరు, నిలువుగా పొటెన్షియల్. ఒక్కో పేరునీ ఏదో ఒక గడిలో పెట్టాలి. అసలు ఇవి మనుషుల కోసం పుట్టిన గళ్ళు కావు. 1970ల్లో మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ వాళ్ళు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి ఏ వ్యాపారంలో డబ్బు పెట్టాలి, ఏది వదిలించుకోవాలి అని తేల్చడానికి గీసిచ్చారు. తర్వాత మా హెచ్‌ఆర్ వాళ్ళు దాన్ని తెచ్చి ఉద్యోగులకు తగిలించారు. కుర్రవాళ్ళలో ఎవరిని ట్రైనింగుకు పంపాలో చూసుకోవడానికి పనికొస్తుంది, కాదనను. పై గడిలో పెట్టినవాళ్ళు చాలామంది ఆ తర్వాత బెంగళూరు బస్సెక్కేస్తారు, అది వేరే సంగతి.

పేచీ కిల్న్, అంటే సున్నపురాయి కాల్చే పెద్ద కొలిమి, దాని ఆపరేటర్ దగ్గర వచ్చింది. వచ్చే ఏడు రిటైరవుతున్నాడు. ప్రమోషన్ వద్దని ఎప్పుడో రాసిచ్చాడు. "పైకి రానన్నాడు కదా మేడమ్, తక్కువే పెట్టండి" అన్నాడు ప్రొడక్షన్ హెడ్. రూలు ప్రకారం ఆయన మాటే కరెక్టు. పొటెన్షియల్ అంటే మా ఫారంలో ఇంకా ఎన్ని మెట్లు ఎక్కగలడన్నదే. ఉన్న మెట్టు మీద ఎంత గట్టిగా నిలబడ్డాడో రాయడానికి అందులో చోటే లేదు.

కిల్న్ లోపల సున్నపురాయి 1450 డిగ్రీల దగ్గర క్లింకర్ అవుతుంది, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు. ఆంప్స్, అంటే కిల్న్‌ను తిప్పే మోటారు లాగే కరెంటు అంకెలు, పడిపోతుంటే వేడి తగ్గుతోందని ఎవరైనా చెబుతారు. ఈయన అవి పడకముందే ఫీడ్, అంటే లోపలికి పోసే రాయిపొడి, తగ్గించేస్తాడు. కిల్న్ ఉన్నట్టుండి ఆగి చల్లబడితే లోపలి ఇటుకలు పగులుతాయి, మళ్ళీ మెల్లగా వేడెక్కించుకుంటూ రావాలి, ఈలోగా ప్రొడక్షన్ సున్నా. అలాంటి మనిషి ఫైలు తెరిస్తే గ్రాట్యుటీ లెక్క మాత్రం సిద్ధంగా ఉంది: జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో గుణించి, రూపాయితో సహా. ఆయన తర్వాత ఎవరు అన్న కాలమ్ ఖాళీ. నాకు ఒళ్ళు మండింది.

మీటింగ్ అయ్యాక కంట్రోల్ రూముకు పోయాను. "అన్నా, ప్రమోషన్ ఎందుకు వద్దన్నావు?" అన్నాను.

"ఆడ కూచుంటే మెయిల్స్ చూసుకోవాల. ఈడైతే మంట చూసుకోవచ్చు" అన్నాడు. కాసేపాగి, "నన్ను యాడ పెట్టినా పర్వాలేదు మేడమ్. ఆ ప్రొద్దుటూరు పిల్లోన్ని మాత్రం నా షిఫ్టులో ఎయ్యండి. వాడు అడుగుతాడు. మిగతావాళ్ళు తలూపుతారంతే" అన్నాడు.

ఆ అబ్బాయి డిప్లొమా. మా గళ్ళలో నట్టనడుమ ఉన్నాడు, అంటే ఎవరూ గట్టిగా ఆలోచించకుండా పెట్టే చోట. ప్రొడక్షన్ హెడ్‌ను అడిగితే "షట్‌డౌన్ కానీండి, చూద్దాం" అన్నాడు. ఇటుకలు మార్చేది షట్‌డౌన్‌లోనే, కిల్న్ లోపల దూరి చూసే అవకాశం అప్పుడే కదా! ఇక ఆయనతో వాదించకుండా జీఎంను సీసీలో పెట్టి మెయిల్ కొట్టాను, షట్‌డౌన్‌కు ముందే షిఫ్ట్ మార్చాలని.

సాయంత్రం టీ తాగి వచ్చేసరికి జీఎం జవాబు: "బడ్జెట్ కోడ్?"

ఒక మనిషిని ఈ షిఫ్టులోంచి ఆ షిఫ్టులోకి మార్చడానికి బడ్జెట్ కోడ్ ఏమిటో. రేపు పొద్దున్నే పోయి అడగాలి.