కల్లంలో నేర్చుకున్న అలంకారాలు

మన 1993-94 బ్యాచ్ సంచికకి ఏదో ఒకటి రాసి పంపమని అడిగినప్పటి నుంచీ నా కళ్ల ముందు ఒకటే మెదులుతోంది, హైస్కూలు వెనక కల్లం. ఫిబ్రవరి వచ్చిందంటే ప్రహరీ గోడ అవతల ఎకరం మేర మిరపకాయలు ఆరబోసేవాళ్లు, గాలి ఇటు తిరిగిందా, తొమ్మిది, పది క్లాసులు రెండూ తుమ్ములే తుమ్ములు, కిటికీలు వేసేయండ్రా అని లెక్కల మాస్టారు కేకలేసేవారు. గుంటూరు జిల్లా పిల్లలకి ఇందులో వింతేమీ లేదు. కానీ నాకు అలంకారాలు బుర్రకెక్కింది ఆ కల్లంలోనే, అందుకే దాని గురించే రాస్తున్నాను.

పదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షల దాకా నాకు అలంకారాలంటే ఒకటే టెన్షన్. లక్షణాలన్నీ కంఠతా వచ్చు. ఉపమాన ఉపమేయాలకు మనోహరమైన పోలిక చెప్పడం ఉపమ అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. "ఆమె ముఖం చంద్రబింబంలా మనోహరంగా ఉంది" అంటే ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, మనోహరంగా ఉండటం సమానధర్మం, "లా" ఉపమావాచకం, నాలుగూ టకటకా రాసేసేదాన్ని. చంద్రుడి బదులు ఇంకేదైనా ఇచ్చారా, చేతులు చల్లబడిపోయేవి. ఆ పరీక్షలో "ఆ మేడలు ఆకాశాన్ని ముద్దాడుతున్నాయా అన్నట్లున్నవి" అని ఇచ్చి అలంకారం గుర్తించమన్నారు. "అన్నట్లు"లో నాకు "అట్లు" కనపడింది. అట్లు అంటే వలె, వలె ఉంటే ఉపమ. రెండు మార్కులు పోయాయి.

మన తెలుగు మాస్టారు (పేరు రాయనక్కర్లేదు, మనకి తెలుగు మాస్టారంటే ఆయనొక్కరే) పేపర్లు ఇచ్చేటప్పుడు నన్ను లేపి ఆ వాక్యం గట్టిగా చదవమన్నారు. చదివాను. "ముద్దాడుతున్నాయా అన్నావు చూడూ, ఆ 'యా' దగ్గర గొంతు ఎందుకు లేచింది?" అన్నారు. నిజంగానే లేచింది. "అది అడగడం అమ్మా. చెప్పేవాడికే అనుమానం. మేడ మేడేనని తెలుసు, అయినా ముద్దు పెడుతోందేమో అని ఊహ. పోలికైతే అనుమానం ఉండదు, ఇది దానిలా ఉంది అని చెప్పేసి ఊరుకుంటాం. ఇది ఉత్ప్రేక్ష." కాబోలు, ఏమో, అన్నట్టు, ఇలాంటి మాటలు కనపడితే ఒక్క నిమిషం ఆగి మళ్లీ చదవమన్నారు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, నేను పొరపాటు పడ్డ చోటే పెద్దపెద్దవాళ్లు వాదులాడుకున్నారని. సంస్కృతంలో "ఇవ" అనే మాట పోలికకీ వస్తుంది, ఊహకీ వస్తుంది. చీకటి ఒళ్లంతా పూస్తున్నట్టుంది, ఆకాశం కాటుక కురుస్తున్నట్టుంది అనే పాత శ్లోకం ఒకటుంది, మృచ్ఛకటికం నాటకంలో కూడా కనిపిస్తుంది. అందులో "ఇవ" ఉంది కాబట్టి ఉపమే అనుకున్నవాళ్లున్నారు. అలంకారాల మీద రాసిన సంస్కృత పండితుడు దండి తన కావ్యాదర్శంలో పనిగట్టుకుని ఆ శ్లోకమే తీసుకుని, కాదు, ఇది ఉత్ప్రేక్షే అన్నాడు. ఇక్కడ "ఇవ" వచ్చింది క్రియాపదం పక్కన, పూయడం అనే పనిని దేనికి పోలుస్తాం, పోల్చాలంటే అవతల ఒక వస్తువుండాలి కదా అని ఆయన వాదన. అది చదివిన రోజు మాస్టారికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. అప్పటికే ఆయన లేరు.

ఇక కల్లం సంగతి. ప్రీ ఫైనల్స్‌కి ముందు ఓ శనివారం సాయంత్రం మాస్టారు పుస్తకాలు మూయించి అందరినీ గోడ అవతలకి తీసుకెళ్లారు. కాయలు తొక్కకుండా గట్టు మీద వరుసగా నిలబడ్డాం. "కనపడేది చెప్పండి" అన్నారు. ముందు బెంచీ అబ్బాయొకడు "ఎర్ర తివాచీలా ఉంది సార్" అన్నాడు.

"ఉపమ. అదే మాట ఇప్పుడు అనుమానంగా చెప్పు."

"ఎవరైనా తివాచీ పరిచారా అన్నట్టుంది సార్."

"ఉత్ప్రేక్ష. ఆ అనుమానం కూడా తీసెయ్. రెండూ ఒకటే అను."

వాడు ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో "మిరప తివాచీ" అన్నారు. మాస్టారి మొహం వెలిగిపోయింది. "రూపకం! 'లా' పోయింది, 'ఏమో' పోయింది. మిరపే తివాచీ!" మంట ఆకాశానికంటుకుంది సార్ అని ఇంకెవరో అరిచారు, అది అతిశయోక్తి అన్నారు. పుస్తకంలో ఇవన్నీ వేర్వేరు పేజీల్లో, వేర్వేరు ఉదాహరణలతో ఉండేవి, మేడలొక చోట, ఏనుగులొక చోట, లతలొక చోట. ఒకే కల్లం మీద వరసగా వింటే గానీ నాకు తెలియలేదు, ఉపమలో రెండు వస్తువులూ పక్కపక్కన నిలబడి ఉంటాయని, ఉత్ప్రేక్షలో ఒకటి రెండోదాని మీదికి వాలుతుందని, రూపకానికి వచ్చేసరికి మధ్య గీత చెరిగిపోతుందని. ఆ తర్వాత ఏ వాక్యం ఇచ్చినా నేను చూసింది ఒక్కటే, దేని గురించి చెబుతున్నారు, దేన్ని తెచ్చి పక్కన పెట్టారు, రెండింటి మధ్య ఎంత ఎడం మిగిలింది. మళ్లీ తప్పు రాయలేదు.

తర్వాత మాస్టారు నా వైపు తిరిగారు. "నువ్వు పోలిక చెప్పకు, ఊహించకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు.

అక్కడ కాయలు ఏరుతున్నవాళ్లలో మా అమ్మ ఉంది. ఆ సంగతి క్లాసులో చాలామందికి తెలియదు, నేను తెలియనివ్వలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. కొంగు ముక్కుకి అడ్డంగా చుట్టుకుని గొంతుక్కూర్చున్నారు సార్. ఎడం చేత్తో కాయలు జరుపుతున్నారు, కుడి చేత్తో తాలు కాయలు ఏరి పక్కకి వేస్తున్నారు. కళ్లు మండితే చేత్తో తుడుచుకోరు సార్, భుజానికి రుద్దుకుంటారు. ఎందుకలా అని అడిగారు మాస్టారు. "చేతులకి కారం ఉంటుంది కద సార్, ఇంటికెళ్లి ఎంత కడిగినా పోదు, రాత్రి కొబ్బరినూనె రాసుకుంటుంది."

అంతసేపూ వాళ్లు, వాళ్లు అంటూ వచ్చి చివర్లో "రాసుకుంటుంది" అనేశాను. మాస్టారు విన్నారు. ఏమీ అడగలేదు. "స్వభావోక్తి" అన్నారు మెల్లగా, ఆ మాట ఒక్కటే. కాస్సేపాగి, కవులకి అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎందుకంటే ఇందులో చంద్రుణ్ణి అరువు తెచ్చుకోవడానికి వీల్లేదు, చూసినవాడే చెప్పగలడు అన్నారు.

గైడ్లలో స్వభావోక్తికి రెండు లైన్లుంటాయి, ఉదాహరణ జింకల మీదో లేళ్ల మీదో ఉంటుంది. పరీక్షల్లోనూ ఉపమకున్న మర్యాద దానికి దక్కదు. నాకు మాత్రం అలంకారాల్లో మొదట చెప్పాల్సింది అదేననిపిస్తుంది.

శబ్దాలంకారాలతో మనకి పెద్ద కష్టం లేకపోయింది, చెవే పట్టిస్తుంది. "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా" అనగానే "క్ష" పదేపదే వినపడి వృత్త్యనుప్రాస అని క్లాసంతా అరిచేది. చిక్కల్లా యమకం దగ్గర, లాటానుప్రాస దగ్గర. పోతన భాగవతంలో కృష్ణుడు సత్యభామతో "లేమా! దనుజుల గెలువగ లేమా?" అంటాడు. మొదటి లేమ ఆడమనిషి, రెండోది గెలవలేమా అనే ప్రశ్న. అక్షరాలవే, అర్థం వేరు, యమకం. అదే భాగవతంలో ప్రహ్లాదుడు "కమలాక్షు నర్చించు కరములు కరములు" అంటాడు. ఇక్కడ రెండూ చేతులే, అర్థం మారలేదు. కానీ మొదటిసారి ఊరికే చేతులు, రెండోసారి చేతులంటే అవీ చేతులు అనే తాత్పర్యం. అది లాటానుప్రాస. ఆ పాదం విన్నప్పుడల్లా నాకు కొబ్బరినూనె వాసన వస్తుంది.

శ్లేషకి మాస్టారు చెప్పిన "రాజు కువలయానందకరుడు" మీకూ గుర్తుండే ఉంటుంది. రాజంటే ప్రభువు, చంద్రుడు కూడా. కువలయమంటే భూమండలం, కలువ కూడా. ఒక్క వాక్యంలో ప్రభువు భూమికి ఆనందం కలిగిస్తాడు, చంద్రుడు కలువకి కలిగిస్తాడు. అప్పయ్య దీక్షితులు తన అలంకార గ్రంథానికి కువలయానందం అని పేరు పెట్టాడని తెలిసినప్పుడు ఆ వాక్యమే గుర్తొచ్చింది. భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్న అలంకారాలు 4, ఉపమ, రూపకం, దీపకం, యమకం. కువలయానందం నాటికి వంద దాటాయి. మనకి పదో తరగతిలో పెట్టినవి ఎన్నని, ఊరికే భయపడ్డాం!

ఇప్పుడు నేను ఒక దినపత్రిక డెస్కులో పని చేస్తున్నాను. రాత్రి పదకొండు దాటాక ముగ్గురం కూర్చుని శీర్షికల కోసం ప్రాసలు వెతుక్కుంటాం, శ్లేష దొరికితే పండగే. ఒకసారి మిర్చి ధర పడిపోయిన వార్త వచ్చింది. "రైతు కంట మిర్చి మంట" అని పెట్టాను, అంత్యానుప్రాస చక్కగా కుదిరింది, పక్కనున్నవాళ్లు బాగుందన్నారు. పేజీ వెళ్లబోయే ముందు వార్త మళ్లీ చదివితే చివరి పేరాలో ఒక రైతు మాట ఉంది, కోత కూలి కూడా రాలేదని. శీర్షిక తీసేసి "కోత కూలీ రాలేదు" అని ఆ మాటే పెట్టాను. ప్రాస పోయిందేంటని అడిగారు. ఇది స్వభావోక్తి అని చెప్పాను, మాస్టారు చెప్పినట్టే మెల్లగా.

ఇంకొక్క మాట. పద్యాల్లో గణాలు గుర్తుపట్టడం కోసం "యమాతారాజభానసలగం" మొత్తం ఆయన నల్లబల్ల మీద రాసి, ఏ గణం కావాలంటే ఆ అక్షరంతో మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకోండి, య గణానికి య-మా-తా, లఘువు గురువు గురువు, ఇంతే అని చప్పట్లు కొట్టించి నేర్పారు. ఆ రోజు కల్లంలో మనం చెప్పిన వాక్యాలన్నీ కూడా సోమవారం నల్లబల్ల మీద రాయించారు, ఎవరు చెప్పింది వాళ్ల పేరుతో సహా. నా నోట్సు వరదల్లో తడిసి పోయింది. మీలో ఎవరి దగ్గరైనా ఆ తెలుగు నోట్సు మిగిలి ఉంటే కలుసుకునే రోజు తప్పకుండా తీసుకురండి. అమ్మ కూడా వస్తానంటోంది, ఆ పేజీ చూపించాలి.